డై మరిగేది ఎన్ని డిగ్రీల దగ్గర?

డైల (బట్టలకూ మరి వేటికైనా రంగు వేసే పదార్థాల) సేఫ్టీ డేటా షీట్లు, అంటే వాటితో పాటు వచ్చే జాగ్రత్తల పత్రాలు, ఓ నాలుగు పక్కపక్కన పెట్టుకుని, తొమ్మిదో సెక్షన్‌లో "మరుగు స్థానం" అన్న గడి చూడండి. ఒకదాంట్లో "వర్తించదు" అని ఉంటుంది. ఇంకోదాంట్లో 100 డిగ్రీలు. మూడోదాంట్లో 137 నుంచి 144. నాలుగోదాంట్లో, దశాంశ స్థానం కూడా వదలకుండా, 600 దాటిన ఏదో అంకె. ఒక పొడి డై నీళ్లలాగా 100 దగ్గర మరగడమేమిటి, ఇంకోటి ఇనుము ఎర్రబడే వేడికి గానీ మరగకపోవడమేమిటి అని ఎవరికైనా సందేహం వస్తుంది.

ఈ నాలుగింట్లో డైని నిజంగా మరిగించి రాసింది ఒక్కటీ ఉండకపోవచ్చు. అలాగని ఏ అంకే గాల్లోంచి ఊడిపడలేదు. ప్రతిదాని వెనకా ఏదో ఒకటి మరిగింది, లేదా ఎగిరిపోయింది, లేదా కంప్యూటర్లో కూడికగా తేలింది. ఆ ఏదో ఒకటి ఏమిటో తేల్చుకోవడంలోనే ల్యాబు పని చాలావరకు అయిపోతుంది. థర్మామీటరు చూసి అంకె రాసుకోవడం చివరి పావుగంట పని. (ఈ వ్యాసంలో డిగ్రీలంటే సెల్సియస్ డిగ్రీలే. కెల్విన్ వాడినచోట విడిగా చెప్పాం.)

మరగడం అని దేన్ని అంటాం

ద్రవం ఏ వేడిలో ఉన్నా దాని పైనుంచి కొన్ని అణువులు ఆవిరిగా లేస్తూనే ఉంటాయి. ఆ ఆవిరి కలిగించే ఒత్తిడి పేరు ఆవిరి పీడనం. వేడి పెరిగేకొద్దీ అది చాలా వేగంగా పెరుగుతుంది. ఆవిరి పీడనం చుట్టూ ఉన్న గాలి పీడనంతో సమానమైన క్షణంలో ద్రవం లోపల కూడా బుడగ పుట్టి నిలబడగలుగుతుంది. అదే మరగడం. ఆరేసిన బట్ట మీది నీరు 30 డిగ్రీల దగ్గరే ఎగిరిపోతుంది గానీ అది మరగడం కాదు, ఆవిరవడం. ఈ తేడాను ఇక్కడే గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే డైల విషయంలో జరిగే పొరపాట్లలో సగం ఇక్కడే మొదలవుతాయి.

నిర్వచనంలో పీడనం ఉంది కాబట్టి, పీడనం చెప్పని మరుగు స్థానం సగం అంకె మాత్రమే. పాత పుస్తకాల్లో "సాధారణ మరుగు స్థానం" అంటే 760 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 101.325 కిలోపాస్కల్స్ దగ్గర కొలిచినది. 1982 నుంచి ఐయూపాక్ (రసాయన శాస్త్రపు అంతర్జాతీయ సంఘం) ప్రామాణిక పీడనంగా 100 కిలోపాస్కల్స్‌ను సిఫారసు చేసింది. నీటి విషయంలో ఈ రెంటికీ తేడా అర డిగ్రీ లోపే: ఒకదానికి 100, ఇంకోదానికి 99.6.

రెండో షరతు ఒకటుంది. నీళ్లూ సారాయీ మరిగించినప్పుడు అది గుర్తు కూడా రాదు కాబట్టి పుస్తకాలు దాన్ని పైకి చెప్పవు. ఆవిరిగా లేచినది చల్లబడితే అదే పదార్థం తిరిగి రావాలి. నీటి ఆవిరి చల్లారితే నీరే వస్తుంది. చక్కెరను బాణలిలో వేడిచేస్తే అది బుసబుసమని పొంగుతుంది, బుడగలు వస్తాయి, పొగలు లేస్తాయి. కానీ చక్కెర మరిగింది అని మనం అనం, మాడింది అంటాం. చాలా డైలు చక్కెర బాపతే.

డై అణువు మరగకముందే ఎందుకు విరుగుతుంది

బెంజీన్ 80 డిగ్రీల దగ్గర మరుగుతుంది. దానికో అమైన్ గుంపు తగిలిస్తే అనిలీన్, 184. రెండు బెంజీన్ వలయాల మధ్య నైట్రోజన్ జంట పెడితే అజోబెంజీన్, 293. మూడు వలయాలూ రెండు కీటోన్లూ ఉన్న ఆంత్రాక్వినోన్ 380 దగ్గర మరుగుతుంది. ఇవన్నీ డైల పునాది రాళ్లు. ఇంతవరకు మరుగు స్థానం కొలవడానికి ఇబ్బంది లేదు.

అసలు డైలు ఈ మెట్లు ఇంకా పైకెక్కుతాయి. రంగు రావడానికి సంయుగ్మ బంధాల (ఒకటి విడిచి ఒకటిగా వచ్చే జంట బంధాల) పొడవైన వరుస కావాలి, అంటే అణువు పెద్దదీ చదునైనదీ అవుతుంది. చదునైన అణువులు పలకల్లా ఒకదాని మీద ఒకటి అతుక్కుంటాయి. వాటికి హైడ్రాక్సిల్, అమైన్, నైట్రో గుంపులు తోడైతే అణువుల మధ్య పట్టు మరింత బిగుస్తుంది. ఆ పట్టు విడిపించి ఆవిరి చెయ్యాలంటే వేడి పెంచుతూ పోవాలి. కానీ అణువు లోపలి బంధాలు ఆ వేడికి ఎంతసేపు ఆగుతాయి? అజో డైలో నైట్రోజన్ జంట పక్కనున్న బంధం తెగితే నైట్రోజన్ వాయువు బయటికి పోతుంది. ఆ వాయువు మళ్లీ వెనక్కి రాదు, పైగా తెగడంలో వేడి కూడా పుడుతుంది.

అయానిక డైల సంగతి ఇంకా స్పష్టం. మిథైల్ ఆరెంజ్, టార్ట్రజీన్ లాంటివి సోడియం సల్ఫోనేట్ లవణాలు. ఉప్పు స్ఫటికంలో ఉన్నట్టే వీటిలోనూ ధన, ఋణ అయాన్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వాటిని విడదీసి ఆవిరి చెయ్యడానికి కావలసిన శక్తి కంటే అణువును ముక్కలు చెయ్యడానికి కావలసిన శక్తే తక్కువ. అందుకే వీటికి మరుగు స్థానం అన్నది లేదు. షీటులోని "వర్తించదు" బద్ధకంతో రాసిన మాట కాకపోవచ్చు, కొన్నిసార్లు అదే కచ్చితమైన జవాబు.

మధ్యలో ఉండే రకం ఇండిగో. దీంట్లో లవణం లేదు. 300 డిగ్రీల దరిదాపుల్లో ఘనస్థితి నుంచే ఊదారంగు ఆవిరిగా లేస్తుంది. దీన్నే ఉత్పతనం అంటారు. చల్లని గాజు తగిలితే ఆ ఆవిరి మళ్లీ నీలి ఇండిగోగా పేరుకుంటుంది. 390 చేరేసరికి కరగడమూ విరగడమూ ఒకేసారి మొదలవుతాయి. కాబట్టి ఇండిగోకు ఆవిరి ఉంది, మామూలు గాలి పీడనంలో మరుగు స్థానం లేదు.

రంగునీళ్లు మరగడం వేరే సంగతి

"ఈ డై ఎంత వేడికి మరుగుతుంది" అని అడిగేవాళ్లలో కొందరి అసలు ప్రశ్న అద్దకం తొట్టి గురించి. అక్కడ మరిగేది నీరే. కరిగిన డై వల్ల నీటి మరుగు స్థానం ఎంత పెరుగుతుందో లెక్క వేస్తే విషయం తెలిసిపోతుంది. కిలో నీటిలో 2 గ్రాముల డై, అణుభారం 400, నీటిలో రెండు అయాన్లుగా విడిపోతుంది అనుకుందాం. 2 ÷ 400 = 0.005 మోల్స్, రెండు అయాన్లకు 0.01, నీటి స్థిరాంకం 0.512తో గుణిస్తే 0.005 డిగ్రీ. దాన్ని ఏ మామూలు థర్మామీటరూ చూపించలేదు. అదే తొట్టిలో 50 గ్రాముల నిర్జల సోడియం సల్ఫేట్ వేస్తే: 50 ÷ 142 = 0.352, మూడు అయాన్లకు 1.056, గుణిస్తే 0.54 డిగ్రీ. ఉప్పు తెచ్చిన మార్పు డై తెచ్చిన దానికి వంద రెట్లు. పాలియెస్టర్ అద్దకానికి 130 డిగ్రీలు కావాలంటే డైని కాదు, తొట్టినే మూసేసి నీటి ఆవిరి పీడనాన్ని 270 కిలోపాస్కల్స్ దాకా పెంచుతారు.

సీసాలో డై ఒక్కటే ఉండదు

డిస్పర్స్ డైగా (నీటిలో సరిగా కరగక, సన్నని రేణువులుగా చెదిరి ఉండే డైగా) అమ్మే పొడిలో బరువులో సగం దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, లిగ్నోసల్ఫోనేట్ లాంటి డిస్పర్సింగ్ ఏజెంటు ఉంటుంది. రియాక్టివ్, డైరెక్ట్, యాసిడ్ డైలలో సోడియం సల్ఫేట్ గానీ మామూలు ఉప్పు గానీ కలిపి రంగు బలాన్ని ఒక స్థాయికి తెస్తారు. దుమ్ము లేవకుండా నూనె చుక్క కూడా పడుతుంది. ఈ పొడిని నేరుగా వేడిచేస్తే మొదట కదిలేది తేమ, తర్వాత నూనె, ఆ తర్వాత మాడేది డిస్పర్సింగ్ ఏజెంటు. డై వంతు ఎప్పుడొచ్చిందో గ్రాఫులో కనిపించదు.

100 డిగ్రీల అంకె పుట్టేది ఇక్కడే. మిథిలీన్ బ్లూ సాధారణంగా మూడు నీటి అణువులతో కలిసిన స్ఫటికంగా దొరుకుతుంది. నిర్జల అణుభారం 319.85, నీళ్లతో కలిపి 373.9. అంటే బరువులో 14.5 శాతం నీరే. 10 మిల్లీగ్రాములు తీసుకుని వేడిచేస్తే 1.45 మిల్లీగ్రాముల దాకా తగ్గుతుంది, అది నీరు. 100–110 డిగ్రీల దగ్గర పొడి మెత్తబడి రూపం మారడం కొన్నిచోట్ల "విచ్ఛిన్నమవుతూ కరుగుతుంది" అని నమోదైంది. ఆ అంకె ఒక షీటు నుంచి ఇంకో షీటుకు ఎక్కుతూ ఏదో ఒక మజిలీలో మరుగు స్థానం గడిలోకి జారిపోతుంది.

137 నుంచి 144 అన్నది ఇంకా తేలిక. అది జైలీన్ అనే ద్రావణి సమాంగాల (ఒకే ఫార్ములాతో అమరిక మాత్రం వేరైన రూపాల) మిశ్రమం మరిగే పరిధి. సాల్వెంట్ డైని (నీటిలో కాక ఇలాంటి ద్రావణుల్లో కరిగే డైని) జైలీన్‌లో కరిగించి ద్రవరూపంలో అమ్మితే, షీటు ఆ ద్రవానికి రాసినదే అవుతుంది. మంటల ప్రమాదం లెక్కగట్టేవాళ్లకు ఆ అంకె నిజంగానే కావాలి. డై గురించి మాత్రం అది ఏమీ చెప్పదు.

కాబట్టి పరీక్షకు ముందు నమూనా శుద్ధి చెయ్యాలి. డిస్పర్స్ డై అయితే పొడిని అసిటోన్‌తో కలిపి వడకడతారు. డై కరిగి కిందికి దిగుతుంది, లిగ్నోసల్ఫోనేటూ లవణాలూ వడపోత కాగితం మీద ఉండిపోతాయి. అసిటోన్ ఎగరగొట్టి, తగిన ద్రావణిలో మళ్లీ స్ఫటికం కట్టించి, వాక్యూమ్ ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర బరువు స్థిరపడేదాకా ఆరబెడతారు. తేమను కార్ల్ ఫిషర్ పద్ధతితో, శుద్ధతను హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమాన్ని విడదీసి కొలిచే యంత్రం) తో చూస్తారు. అసిటోన్ ఆనవాలు మిగిలిపోతే 56 డిగ్రీలు దాటాక గ్రాఫులో చిన్న దిగుడు కనిపిస్తుంది. అలా కనిపిస్తే నమూనాను మళ్లీ ఓవెన్‌లో పెట్టాలి. "దాన్ని లెక్కలో తీసేద్దాం" అనుకుంటే తర్వాతి ప్రతి అంకె మీదా అనుమానం మిగులుతుంది.

మంట పెట్టేముందు ఐదు మిల్లీగ్రాములు

తెలియని డైని ఎవరూ నేరుగా ఫ్లాస్కులో పోసి మరిగించరు. అజో, నైట్రో గుంపులున్నవి విరిగేటప్పుడు వేడిని విడుదల చేస్తాయి. 50 గ్రాముల మీద అది అదుపు తప్పితే గాజు నిలవదు. అందుకే మొదటి పరీక్ష డీఎస్‌సీ (డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటరు) అనే యంత్రంలో, పీడనాన్ని తట్టుకునే మూసిన గిన్నెలో, కొన్ని మిల్లీగ్రాములతో చేస్తారు. ఈ యంత్రం నమూనా గిన్నెకూ ఖాళీ గిన్నెకూ వెళ్లే ఉష్ణ ప్రవాహంలో తేడాను గీస్తుంది. కరగడం, మరగడం వేడిని తీసుకుంటాయి. విచ్ఛిన్నం చాలా డైలలో వేడిని వదులుతుంది. ఆ శిఖరం ఎంత పెద్దదో ఇక్కడే తెలుస్తుంది. గ్రాముకు 500 జౌల్స్ దాటితే పేలుడు స్వభావం గురించి విడిగా ఆలోచించమని ఐక్యరాజ్యసమితి పరీక్షల మాన్యువల్ చెప్పే గీత ఒకటుంది.

ఆ గండం గడిచాక మరుగు స్థానం కోసం రెండో పరుగు. దీనికి గిన్నె వేరు. 2 నుంచి 5 మిల్లీగ్రాముల నమూనాను అల్యూమినియం గిన్నెలో పెట్టి, లేజరుతో సన్నని రంధ్రం వేసిన మూత బిగిస్తారు. రంధ్రం 50 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, తల వెంట్రుక మందం కంటే సన్నం. నైట్రోజన్ ప్రవాహంలో నిమిషానికి 5 డిగ్రీల చొప్పున వేడిచేస్తారు. ఉష్ణోగ్రత స్కేలును ముందే ఇండియం (156.6), తగరం (231.9), జింకు (419.5) కరిగే బిందువులతో సరిచూసుకోవాలి.

ఈ పరీక్ష అంతా ఆ రంధ్రం చుట్టూనే తిరుగుతుంది. మూత అసలు లేకపోతే పదార్థం మరిగేదాకా ఆగకుండా ముందే ఆవిరైపోతూ ఉంటుంది. శిఖరం వెడల్పుగా పాకి, నిజమైన మరుగు స్థానం కంటే చాలా ముందే మొదలైనట్టు కనిపిస్తుంది. రంధ్రం లేకుండా మూసేస్తే లోపల పీడనం పెరిగి మరగడం వెనక్కి జరుగుతుంది, చివరికి మూత ఎగిరి సెన్సారు మీద రంగు పడుతుంది. సరైన రంధ్రం ఉంటే లోపల ఆవిరి నిండి, బయటి పీడనానికి సమానమయ్యేదాకా నిలబడి, ఆ తర్వాత ఒక్కసారిగా వెళ్లిపోతుంది. గ్రాఫు నిటారుగా దిగుతుంది. ఆ దిగుడు మొదలయ్యే చోట అంతకుముందున్న గీతనూ దిగుడు గీతనూ పొడిగించి కలిపిన బిందువే చదవాల్సిన ఉష్ణోగ్రత. శిఖరం కొసను చదవకూడదు, అది నమూనా బరువును బట్టి మారుతుంది.

డైలకు మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది ఇంకోటి ఉంది. ఆవిరిగా లేచిన డై చల్లని మూత అంచు దగ్గర మళ్లీ గడ్డకట్టి రంధ్రాన్ని పూడ్చేస్తుంది. పరుగు అయ్యాక మూతను సూక్ష్మదర్శిని కింద పెట్టి రంధ్రం తెరిచే ఉందా అని చూడటం ఈ పనిలో ఉన్నవాళ్లకు అలవాటుగా ఉండాలి. పూడిన రంధ్రంతో వచ్చిన అందమైన గ్రాఫు కూడా పారెయ్యాల్సిందే.

పక్కనే టీజీఏ నడుస్తుంది. ఇది వేడితో పాటు బరువు ఎలా తగ్గుతుందో గీస్తుంది. దీని బలహీనత ఏమిటంటే ఎగిరిపోయింది డైయా, డై ముక్కలా అన్నది చెప్పలేదు. గిన్నెలో ఏం మిగిలిందో చూస్తే కొంత ఆచూకీ దొరుకుతుంది. ఏమీ మిగలకపోతే ఆవిరై ఉండొచ్చు. నల్లటి బొగ్గు మిగిలితే విరిగింది. సల్ఫోనేట్ డై అయితే బొగ్గులో సోడియం లవణం కూడా ఉంటుంది.

అది మరగడమా, విరగడమా తేల్చే రెండు పరీక్షలు

గ్రాఫులో 310 దగ్గర వేడి తీసుకున్న గుర్తు కనిపించిందనుకోండి. దాన్ని మరుగు స్థానం అని రాసేముందు పీడనం మార్చి చూడాలి. మరగడం పీడనానికి గట్టిగా స్పందిస్తుంది. ఉదాహరణకు అజోబెంజీన్ 760 మిల్లీమీటర్ల దగ్గర 293 డిగ్రీలకు మరిగితే, 400 మిల్లీమీటర్ల దగ్గర 266కే మరుగుతుంది, 27 డిగ్రీలు తక్కువ. విచ్ఛిన్నానికి బయటి పీడనంతో పెద్దగా పని లేదు, అది దాదాపు అక్కడే ఉంటుంది.

రెండోది వేడిచేసే వేగం. నిమిషానికి 5 డిగ్రీల నుంచి 20కి పెంచితే రంధ్రం మూతలో మరగడం కొద్దిగానే కదులుతుంది. విచ్ఛిన్నం సమయం తీసుకునే రసాయన చర్య కాబట్టి వేగం పెంచితే పదీ ఇరవై డిగ్రీలు పైకి జరుగుతుంది. ఈ రెండు పరీక్షలూ పెట్టకుండా "గ్రాఫులో గుర్తుంది కదా" అని రాసిన మరుగు స్థానాలు చలామణిలో చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం విచ్ఛిన్న ఉష్ణోగ్రతలే అని నా అంచనా.

చల్లని వేలి (ఆవిరి గడ్డకట్టడానికి లోపలికి దింపే చల్లటి గాజు గొట్టం) మీద పేరుకున్నదాన్ని టీఎల్‌సీ ప్లేటు (కలిసిన పదార్థాలను వేర్వేరు ఎత్తుల్లో చుక్కలుగా విడదీసే పలక) మీద అసలు డై పక్కన పెట్టి చూడటం పాత పద్ధతే అయినా దానికి తిరుగులేదు. ఒక్క చుక్క, అదే ఎత్తులో వస్తే అణువు చెక్కుచెదరలేదు. మూడు చుక్కలొస్తే కథ వేరు.

గాజు గొట్టంలో మరిగించి చూడటం

నిజంగా మరిగే డై మధ్యస్థాలకూ సరళమైన సాల్వెంట్ డైలకూ పాత పద్ధతులు ఇప్పటికీ పనికొస్తాయి. మరుగు స్థానం కొలవడానికి ఓఈసీడీ (ఆర్థిక సహకారం కోసం ఏర్పడిన దేశాల కూటమి) 103వ పరీక్షా మార్గదర్శకం ఎబులియోమీటరు, స్వేదనం, సివోలోబాఫ్, ఫోటోసెల్, డీఎస్‌సీ వంటి పద్ధతులను చెబుతుంది. వీటిలో 1886లో ప్రచురితమైన సివోలోబాఫ్ పద్ధతికి చుక్కల కొద్దీ నమూనా చాలు.

దాదాపు 5 మిల్లీమీటర్ల వెడల్పు, 80 నుంచి 100 మిల్లీమీటర్ల పొడవున్న గొట్టంలో నమూనా వేస్తారు. దానిలోకి 1 మిల్లీమీటరు వెడల్పు కేశనాళిక దింపుతారు. ఆ నాళికను కింది కొస నుంచి ఒక సెంటీమీటరు పైన కరిగించి మూసి ఉంచుతారు. మూసిన చోటు ద్రవం మట్టానికి కిందే ఉండాలి. గొట్టాన్ని థర్మామీటరుకు కట్టి వేడిచేస్తారు, మొదట నిమిషానికి 3 డిగ్రీలు, అనుకున్న మరుగు స్థానానికి 10 డిగ్రీల దూరం నుంచి ఒక డిగ్రీ లోపు. సిలికాన్ నూనె 250 దాటితే పొగలు పట్టే అవకాశం ఉంది కాబట్టి ఆపైన లోహపు దిమ్మె వాడతారు. నాళిక కింది కొస నుంచి మొదట ఒకటీ అరా బుడగలొస్తాయి, తర్వాత దారంలా ఎడతెగకుండా వస్తాయి. అప్పుడు వేడి కాస్త తగ్గించాలి. బుడగల దారం తెగి, ద్రవం హఠాత్తుగా నాళికలోకి ఎక్కే క్షణం ఉంటుంది. ఆ క్షణపు ఉష్ణోగ్రతే మరుగు స్థానం. 

డైతో వచ్చే తలనొప్పి ఏమిటంటే బుడగలు కనపడవు. కరిగిన అజోబెంజీన్ చిక్కటి ఎర్రగా ఉంటుంది. ముదురు డైలైతే తారుతో సమానం. గొట్టం సన్నంగా ఉంచి వెనక నుంచి బలమైన దీపం వేస్తే అంచుల దగ్గర మాత్రం కదలిక తెలుస్తుంది. ఫోటోసెల్ పద్ధతి కూడా ద్రవం గుండా కాంతి పోవడం మీదే ఆధారపడింది, కాబట్టి ముదురు రంగుల దగ్గర అదీ చేతులెత్తేస్తుంది.

స్వేదనంలో రంగుతో ఇబ్బంది లేదు గానీ గ్రాములు కావాలి. థర్మామీటరు బల్బు పక్క గొట్టం మట్టానికి సరిగ్గా కిందనే ఉండాలి. పైకి జరిగితే ఆవిరి దాన్ని పూర్తిగా కప్పదు, అంకె తక్కువొస్తుంది. బాయిలింగ్ చిప్స్ చల్లగా ఉన్నప్పుడే వెయ్యాలి. వేడెక్కిన ద్రవంలో వేస్తే ఒక్కసారిగా పొంగి పైకి చిమ్ముతుంది. 140 డిగ్రీలు దాటినవాటికి నీటి కండెన్సరు పెడితే గాజు పగిలే ప్రమాదం ఉంది, అందుకే గాలి కండెన్సరు పెడతారు. అజోబెంజీన్‌కు ఇంకో జాగ్రత్త కావాలి. అది 68 డిగ్రీలకే గడ్డకడుతుంది. కండెన్సరు చల్లబడితే లోపల నారింజ రంగు బిరడాలా పట్టేసి దారి మూసుకుపోతుంది, వెనక ఫ్లాస్కులో పీడనం పెరుగుతుంది. హాట్ ఎయిర్ గన్‌తో గొట్టాన్ని వెచ్చగా ఉంచుతూ ఉండాలి, అదీ ఫ్యూమ్ హుడ్‌లోనే.

ఇంత చేసి థర్మామీటరు 287 చూపిస్తే 293 రాలేదని కంగారు పడనక్కర్లేదు. పాదరసం స్తంభంలో కొంత భాగం బయట చల్లగా ఉంది. సవరణ: 0.00016 × బయటున్న స్తంభం డిగ్రీల్లో × (చదివిన ఉష్ణోగ్రత − స్తంభం సగటు ఉష్ణోగ్రత). బయట 150 డిగ్రీల మేర స్తంభం, దాని సగటు 42 అనుకుంటే 0.00016 × 150 × 245 = 5.9. మొత్తం 292.9.

పీడనానికి ఇంకో సవరణ. చాలా ద్రవాలకు 0.00012 × (760 − పీడనం) × (273 + చదివినది) సరిపోతుంది. 700 మిల్లీమీటర్ల పీడనం దగ్గర అనిలీన్ 180.9కి మరిగిందంటే, 0.00012 × 60 × 453.9 = 3.3. కలిపితే 184.2. ఈ సూత్రం కొద్దిపాటి తేడాలకే; వాక్యూమ్‌లో కొలిచినదాన్ని దీనితో 760కి లాగకూడదు.

వాక్యూమ్‌లో మరిగించి పైకి లాగడం

మామూలు పీడనంలో విరిగిపోయే పదార్థం, పీడనం తగ్గిస్తే విరగకముందే మరగొచ్చు. రెండు మూడు తక్కువ పీడనాల దగ్గర కొలిచి, క్లాసియస్–క్లాపెరాన్ సమీకరణంతో 760 దాకా పొడిగిస్తారు. జవాబు ముందే తెలిసిన అజోబెంజీన్ మీద ఈ పద్ధతిని పరీక్షించి చూద్దాం. 40 మిల్లీమీటర్ల దగ్గర అది 188కి, 100 దగ్గర 216కి మరుగుతుంది. కెల్విన్‌లో 461.15, 489.15. పీడనాల నిష్పత్తి 2.5, దాని సహజ లాగరిథమ్ 0.916. ఉష్ణోగ్రతల విలోమాల తేడా 0.0001241. భాగిస్తే వాలు దాదాపు 7380. ఇప్పుడు 100 నుంచి 760కి: లాగరిథమ్ 2.028, వాలుతో భాగిస్తే 0.000275. 489.15 విలోమం 0.002044 నుంచి తీసేస్తే 0.00177, అంటే సుమారు 565 కెల్విన్, 292 డిగ్రీలు. అసలు విలువకు ఒక్క డిగ్రీ తేడా.

ఇంత చక్కగా కుదిరినా ఒక మెలిక ఉంది. అజోబెంజీన్ నిజంగానే 293కి మరుగుతుంది కాబట్టి గీత పొడిగించినచోట పదార్థం ఉంది. 250కే విరిగే డైకి ఇదే లెక్కతో 420 వచ్చిందంటే, ఆ 420 దగ్గర ఆ డై ఎప్పుడూ ఉండదు. దాన్ని మరుగు స్థానం అనాలా వద్దా అన్నచోట అభిప్రాయాలు చీలుతాయి. ప్రక్రియల ఇంజినీర్లు అనాలంటారు: ఆవిరి పీడనం వక్రరేఖను గుర్తుపెట్టుకోవడానికి అదొక మేకు, 120 డిగ్రీల దగ్గర పీడనం ఎంతో తిరిగి లెక్కగట్టుకోవచ్చు. విశ్లేషకులు వద్దంటారు: గడిలో అంకె చూసినవాడు అంతదాకా వేడిచేయొచ్చనుకుంటాడు, 250 దాటాక వాడి ఫ్లాస్కులో జరిగేది మరగడం కాదు. రెండు వాదాల్లోనూ న్యాయం ఉంది. అంకె పక్కన "పొడిగించినది, కొలిచిన పరిధి ఇంత నుంచి ఇంత" అని రాస్తే చాలావరకు తగాదా తీరుతుంది. ఆ ముక్కే డేటాబేసులోకి ఎక్కేటప్పుడు రాలిపోతోంది.

600 దాటిన అంకె ఎక్కడిది

అది కూడిక. అణువులోని ఒక్కో గుంపుకు ఒక్కో విలువ ఇచ్చి కలిపితే మరుగు స్థానం వస్తుందన్న అంచనా పద్ధతులు ఉన్నాయి. బాగా తెలిసినది జోబాక్ పద్ధతి. మళ్లీ అజోబెంజీన్‌నే తీసుకుందాం. వలయంలో హైడ్రోజన్ ఉన్న కార్బన్లు పది: 10 × 26.73 = 267.3. లేనివి రెండు: 2 × 31.01 = 62.0. నైట్రోజన్లు రెండు: 2 × 74.60 = 149.2. మొత్తం 478.5, స్థిరాంకం 198.2 కలిపితే 676.7 కెల్విన్, అంటే 403.6 డిగ్రీలు. నిజం 293. తేడా 110 డిగ్రీలు!

అణువు పెరిగేకొద్దీ కూడికలో విలువలు పేరుకుపోతూనే ఉంటాయి. అందుకే రెండు అజో గుంపులూ నాలుగు వలయాలూ ఉన్న డైకి జోబాక్ ఇచ్చే అంకె ఆకాశానికి పోతుంది. తర్వాత వచ్చిన పద్ధతులు ఈ వాపును సరిదిద్దే సవరణలు చేర్చాయి, అయినా విచ్ఛిన్నం అన్న సంగతి ఏ కూడికకూ తెలియదు. అణువు నిలబడుతుందా అని అవి అడగవు. దశాంశ స్థానం కూడా కంప్యూటరు ఇచ్చినదే గానీ కొలత కచ్చితత్వం కాదు.

గడిలో చివరికి ఏం రాస్తారు

ఐరోపాలో రసాయనాల నమోదుకు ఉన్న రీచ్ నిబంధనలు ఈ చిక్కును ముందే ఊహించాయి. వాయువులకూ, 300 డిగ్రీలు దాటి కరిగే లేదా మరగకముందే విరిగే ఘనపదార్థాలకూ మరుగు స్థానం పరీక్ష చెయ్యనక్కర్లేదని వాటిలో ఉంది. అలాంటప్పుడు తక్కువ పీడనంలో కొలవడమో అంచనా వెయ్యడమో చెయ్యొచ్చు. అంటే "సుమారు 265 డిగ్రీల నుంచి విచ్ఛిన్నం, నైట్రోజన్‌లో, డీఎస్‌సీ, నిమిషానికి 5 డిగ్రీలు" అన్న వాక్యం ఆ గడికి పూర్తి జవాబు. "డేటా లేదు" అన్నది వేరే మాట. ఎవరూ పరీక్షించలేదని దాని అర్థం. "వర్తించదు" అంటే పరీక్షించి గానీ నిర్మాణం చూసి గానీ లేదని తేల్చారు అని. ఈ రెంటినీ కలగాపులగంగా వాడే షీట్లు కోకొల్లలు.

ఇక డైని వాడేవాళ్లకు మరుగు స్థానం కంటే ఎక్కువ పనికొచ్చే కొలత ఒకటుంది. డిస్పర్స్ డై 200 డిగ్రీల దగ్గర మరగదు, కానీ ఘనస్థితి నుంచే బట్ట మీదికి ఎక్కేంత ఆవిరి పీడనం దానికి ఉంటుంది. సబ్లిమేషన్ ప్రింటింగ్ కాగితం మీది బొమ్మ బట్టకు ఎక్కేది అలాగే. అదే గుణం ఇస్త్రీ కింద అవగుణం అవుతుంది. దాన్ని కొలవడానికి ఐఎస్ఓ 105–పీ01 పరీక్షలో అద్దిన బట్టను తెల్ల బట్టల మధ్య పెట్టి 150, 180, 210 డిగ్రీల వేడి పలకల మధ్య 30 సెకన్ల చొప్పున నొక్కుతారు. తెల్ల బట్ట మీదికి ఎంత రంగు పాకిందో బూడిదరంగు స్కేలుతో పోల్చి 1 నుంచి 5 దాకా గుర్తు వేస్తారు. 210 దగ్గర 2 వచ్చిన డై, 150 దగ్గర 5 తెచ్చుకోవచ్చు. ఈ మధ్యలో ఏ ఉష్ణోగ్రత దగ్గరా ఏదీ మరగలేదు.